చిన్నమ్మ అనని మాట

ఫిబ్రవరి 3
చిన్నమ్మ మాటల రికార్డింగులు ఏఐకి ఇచ్చాను, విని రాసిపెట్టమని. నా వేళ్లు మొరాయిస్తున్నాయి మరి. షరతు ఒక్కటే — సొంతంగా ఏమీ కలపొద్దు. ఆమె బతుకు కథ, పుస్తకం ఆమెది. నేను రాసిపెట్టే మనిషిని, అంతే.

ఫిబ్రవరి 5
‘పోయిండు’ అన్నచోటల్లా ‘వెళ్లాడు’ అని దిద్దింది ఏఐ, మహా పండితురాలు! అంతా మళ్లీ చిన్నమ్మ యాసలోకి మార్చుకుంటూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం
చిన్నమ్మకు చదివి వినిపించాను. చిన్నాయన భివండి బట్టల మిల్లుకు బయల్దేరిన పొద్దు… “నేను పిలిస్తే మూలకాడ ఆగి తిరిగి చూసిండు.” చదివాక గానీ తట్టలేదు. ఈ మాట ఎక్కడిది?
చిన్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. “పిలిచిన్నా బిడ్డా నేను? …పిలిచే ఉంట. మల్ల సదువు.”
చదివాను.

ఫిబ్రవరి 9
రికార్డింగు మళ్లీ విన్నాను. “బయలెల్లినోన్ని ఎనుకనుంచి పిలువద్దంటరు గదా…” ఆ తర్వాత వీధిలో ఆటో హారను. అందులో కలిసిపోయింది ‘పిలువలే’ అన్న మాట. ఎదురుగా కూర్చుని విన్నదాన్ని, నాకు తెలుసు. ఆ ఖాళీలో యంత్రం కథ అల్లింది. దానికి ఆమె యాస తొడిగింది మాత్రం నేనే.
చిన్నాయన మళ్లీ రాలేదు. అక్కడే జ్వరంతో పోయాడు.

ఫిబ్రవరి 10
ఆ వాక్యం కొట్టేశాను. చెల్లెలికి చెప్పాను.

ఫిబ్రవరి 12
చెల్లెలు ఫోన్. “అక్కా, చిన్నమ్మ వాడకట్టంత చెప్పుకుంటున్నది, పిలిచిన, చూసిండు అని. ఎంత సంబురమో! ఉండనీయరాదే?”
ఉండనిస్తే ఆమె పేరు మీద అబద్ధం అచ్చవుతుంది. చేతులు రావు. తీసేస్తే ఆమె పిలుపు నోట్లోనే నొక్కేసినట్టు… పాపిష్టిదాన్ని. ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 15, ఆదివారం
చెప్పేశాను. “అది నువ్వన్నది కాదు చిన్నమ్మా, మిషన్ కలిపింది. నేను చూసుకోలే.”
కోపం చేస్తుందనుకున్నాను. లేచి చాయ్ పెట్టింది. గ్లాసు నా చేతికిస్తూ —
“గా మిషన్‌కు ఎట్ల ఎరుక బిడ్డా, నాకు పిలువబుద్ధయిందని?”
ఫోన్ సంచిలోనే ఉంది. రికార్డు చేయలేదు. ఇది మాత్రం ఆమె మాటే.
పుస్తకంలో పెట్టనా అని అడిగాను. చాయ్ చల్లారిపోతున్నది, తాగమంది.