తాతయ్య బాకు పిడి

చిట్టితల్లికి బాబాయి దీవెనలు.

నీకు మ్యూజియంలో ఉద్యోగం వచ్చిందన్న దగ్గర్నుంచి నాకు కాలు నిలవడంలేదు. మీ తాతయ్య బాకు నా దగ్గరే ఉంది కదా, దాన్ని మీ గాజు బీరువాలో పెట్టించు. పక్కన అట్టముక్క మీద మా నాన్న పేరుండాలి. ఇంకేమీ అడగను. ఫోటో పంపుతున్నాను. పిడి అచ్చమైన ఏనుగు దంతం!

ఇట్లు,
నీ బాబాయి

తా.క. ఆ పిడితో మీ పిన్ని వెల్లుల్లి చితక్కొడుతోంది. చేతికి భలే అమిరిందట. ఈ మాట అట్టముక్క మీద రాయకు.

బాబాయికి నమస్కారాలు.

ఫోటో చూసి మా ఆఫీసరు ముచ్చటపడ్డారు. కాకపోతే ఏనుగు దంతమైతే ఎక్కడిదో, ఎలా వచ్చిందో ఆరా తీయాలట. ఆయనే మీ ఇంటికి వస్తారు. ఈలోపు భూతద్దంతో చూడు. ఒకదాన్నొకటి దాటే సన్నటి గీతలుంటే దంతం, నల్లటి చుక్కలుంటే ఎముక. సూది కాల్చి గుచ్చడం లాంటివి చెయ్యకు.

ఉంటాను,
చిట్టి

తా.క. నువ్వు కాలుస్తావని నాకు తెలుసు. వద్దంటే వద్దు.

చిట్టితల్లికి,

ఆరా తీయడమేంటే! ఈ వయసులో నన్ను లోపల వేయిస్తావా? ఏనుగు మాట మర్చిపో. భూతద్దంతో చూశాను, గీతల్లేవు, అన్నీ చుక్కలే. ఎముక!

ఆ మాట పైకి అన్నానో లేదో, మీ పిన్ని గరిట పట్టుకుని వచ్చేసింది. "ఎవరి ఎముక?" అంటుంది. మా నాన్నకి శత్రువులెవరూ లేరే బాబూ అన్నా వినదు. ఇంట్లో ప్రశాంతత కోసం నువ్వు కొయ్య అని రాసుకో.

నీ బాబాయి

తా.క. సూది కొంచెమే కాల్చాను. కాలిన వాసన వచ్చింది కానీ అది పిడిది కాదు, నా బొటనవేలిది.

బాబాయికి,

దంతమూ కాదు, ఎముకా కాదు, కొయ్య అసలే కాదు! ఫోటో పెద్దది చేసి చూస్తే పిడి మధ్యలో విరిగిన పాలలా మచ్చలు కనిపించాయి. అది మంచు సముద్రాల్లో తిరిగే వాల్రస్ అనే జంతువు కోర అని ఆఫీసరు తేల్చారు. మా దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు. ఆనందంలో ఆయన టీ అంతా ఒళ్లో పోసుకున్నారు. కాగితాల సంగతి మేం చూసుకుంటాం, భయపడకు. గురువారం వస్తున్నారు. దాన్ని ముట్టుకోకు, నీకు దణ్ణం పెడతాను.

చిట్టి

తా.క. ఎవరి కోర అని పిన్ని అడిగితే, మన బంధువులెవరిదీ కాదని చెప్పు.

చిట్టితల్లికి,

నీ ఉత్తరం ఒక్కరోజు ముందు రాకూడదటే? కొయ్య అని రాయమన్నాక మళ్లీ అబద్ధమెందుకని, నిజంగానే కొయ్య పిడి వేయించేశాను! పాతది రాయేనని వడ్రంగి ఒట్టేసి చెప్పడంతో మీ పిన్ని మనసు మారి, దాన్ని తన కూరగాయల కత్తికి పెట్టించుకుంది.

ఆఫీసరు వచ్చేసరికి దాంతోనే వంకాయలు తరుగుతోంది. పాపం, ఆయన గుమ్మంలోనే గుండె పట్టుకున్నారు. పిడి అప్పటికే సన్నగా బీటలిచ్చింది, మళ్లీ ఊడదీస్తే రెండు ముక్కలవుతుందట. ఇక కూరగాయల కత్తినే ఉన్నదున్నట్టు గాజు బీరువాలో పెడతామన్నారు. మా నాన్న పేరు గంగలో కలిసిందనుకున్నాను. ఆయన అట్టముక్క మీద మీ పిన్ని పేరు రాయబోయారు కూడా.

అంతే, మీ పిన్ని కత్తి వెనక్కి లాక్కుంది. "మా మామగారి పేరు రాస్తేనే ఇస్తాను" అంది. రాశారే తల్లీ! నా కళ్లముందే, ఇంతింత అక్షరాలతో రాశారు. ఆనందం పట్టలేక ఏడ్చేశాను.

నీ బాబాయి

తా.క. ఇది రాస్తున్నది నేను, మీ పిన్నిని. మీ బాబాయి ఇంకా ఏడుస్తూనే ఉన్నారు. నా కత్తి మీరు పట్టుకుపోయారు కదా, ఉల్లిపాయలు ఆ బాకుతో ఆయన చేతే తరిగిస్తున్నాను.