కుడి అంచు

బాబాయికి,

ఎదురుగా చెబితే "చదువుకున్న నోరు" అంటారు. అందుకే రాస్తున్నాను.

స్కూలు గ్రూపు ఫోటోలో కుడివైపు పిల్లల మొహాలు మసకగా వచ్చాయని నన్ను కెమెరా దగ్గర్నుంచి తీసేసి కౌంటర్లో కూర్చోబెట్టారు. మొదట నా చెయ్యి వణికిందన్నారు. స్టాండు మీద తీశానని గుర్తుచేస్తే, "మీ నాన్న వదిలెళ్లిన లెన్సు ముసలిదైపోయిందమ్మా, ఇన్ని మెగాపిక్సెళ్ల ముందు అదేం నిలుస్తుంది?" అన్నారు.

నిలుస్తుందో లేదో నిన్న చూశాను. స్టూడియో గోడకి న్యూస్‌పేపర్లు అంటించి, ఆ లెన్సుతోనూ మీ కొత్త లెన్సుతోనూ తీశాను. మధ్యలో రెండూ ఒక్కటే, చీమతలకాయంత అక్షరాలు కూడా చదవచ్చు. ఎడమ అంచున నాన్నది కాస్త మెత్తబడింది, వయసు కదా. కుడి అంచున మాత్రం హెడ్డింగే చదవలేకపోయాను. వయసు మీదపడితే రెండు అంచులూ ఒకేలా పాడవుతాయి బాబాయ్. ఒక్కవైపే పోయిందంటే లెన్సు కిందపడి లోపలి అద్దం ఒరిగినట్టే.

స్కూలు ఫోటోకి ముందు మీరు ఈ లెన్సుని ఓ పెళ్లి ఫోటోలకి పట్టుకెళ్లారు కదా, అంతకుముందు ఇదే కెమెరాకి ఇదే లెన్సు పెట్టి నేను తీసిన ఫోటోలు తెరిచి చూశాను. రెండంచులూ సమానంగా ఉన్నాయి. పెళ్లి నుంచి తిరిగొచ్చాక "బ్యాగులోంచి తియ్యనే లేదు" అన్నారు మీరు.

చెయ్యిజారడం ఎవరికైనా జరుగుతుంది. మీరు దాన్ని తుడిచి పెట్టెలో పెట్టేసి, నెలరోజులు నా చేతుల్ని నేనే అనుమానించుకుంటుంటే చూస్తూ కూర్చున్నారు.

కౌంటర్ తాళాలు పిన్నికిచ్చాను. లెన్సు నాతో తీసుకెళ్తున్నాను. ఈసారి ఇంట్లో గ్రూపు ఫోటో దీంతోనే తీస్తాను. మీరు కుడి చివర నిలబడండి.

మీ అన్న కూతురు