తొమ్మిది పిన్నుల్లో పట్టని వత్తు

మంగళవారం, రాత్రి

కళ్లు మండుతున్నాయి. మొయినాబాద్‌లో మా దవాఖానలోని పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కోసం నాలుగు రోజులుగా గళ్ల కాగితం మీద చుక్కలు పెడుతూ తెలుగు అక్షరాలు తయారు చేస్తున్నాను. దాని తలలో ఉన్నవి తొమ్మిదే పిన్నులు, అంటే అక్షరం ఎత్తు తొమ్మిది చుక్కలే. ‘ఉదయం’ బాగానే వచ్చింది. ‘రాత్రి’లో త్రి కింది వత్తుకు మాత్రం చోటు చాలలేదు.

పోయిన వారం ఇంగ్లిష్ మందుల చీటీ అర్థంకాక, రాత్రి గోలీ పొద్దున్నే వేసుకొని చేవెళ్ల బస్టాండులో కళ్లు తిరిగి పడిపోయిన అవ్వ ఈ రోజు వచ్చింది. కొత్త చీటీ ఇచ్చి చదవమన్నాను. అక్షరాల మీద వేలు పెట్టి, "రాతి... రాతి గోలీనా బిడ్డ?" అంది.

"రాత్రి, అవ్వ. ఆ వత్తు మంచిగ పడ్తలేదు."

"మరి మాపు అని రాయరాదు? మేం గట్లనే అంటం గద."

అలాగే మార్చి, మళ్లీ ప్రింటు తీసి ఇచ్చాను. తడుముకోకుండా చదివింది. మా అమ్మ కూడా మాపనే అంటుంది. నాలుగు రోజులు ఆ మాట నాకెందుకు తట్టలేదో.

లేస్తూ, "నా పేరు గూడ తెలుగుల రాయి బిడ్డ, చీటీ వేరేటోళ్లకు పోతే ఎట్ల?" అంది. సరే అన్నాను.

ఆమె పేరు లక్ష్మమ్మ. దానికి బదులు మాట ఎక్కడ వెతకాలి...