యంకమ్మ గొంతు, యంకమ్మ పెదవులు

నవంబరు 18
పొద్దున మంచు. తొమ్మిదికి ఎండ వచ్చింది. దోణిమలై ఇనుపగని లారీల ఎర్రదుమ్ము పట్టిన లెన్సులు రెండూ తుడిచాను. హులిగేశ్, నేను కలిసి పెళ్లి వీడియోలు తీస్తాం. రేపు చోరనూరులో యంకమ్మ పాట తీయాలి. ఆ ఊళ్లో ఏ పెళ్లికూతురిని సాగనంపినా ఆమే పాడుతుంది. గొంతులో క్యాన్సర్. వచ్చేవారం బెంగళూరులో స్వరపేటిక తీసేస్తారు. మాఘంలో కూతురు యశోద పెళ్లి. పెళ్లికొడుకుది హగరి. ఆ రోజు ఈ పాట తెరమీద వేయాలి.

నవంబరు 19
కెమెరాలకూ గొంతు పట్టే రికార్డరుకూ టైమ్‌కోడ్ పెట్టెలు తగిలించాం. అన్నిటికీ ఒకే గడియారం. తర్వాత అంకెలు చూసి బొమ్మకు శబ్దం జతచేయడమే. మా కెమెరాలు పాతవి. టైమ్‌కోడ్ వాటి మైకు దారిలోనే ఎక్కుతుంది, అందుకే గొంతు ఎక్కదు. గొంతంతా రికార్డరులోనే.

పాటకు ముందు ఒకసారి చప్పట్లు కొట్టమని హులిగేశ్ యంకమ్మను అడిగాడు. చేతులు కలిసిన బొమ్మకు ఆ చప్పుడు కలిపి కూడా జతచేయొచ్చు. "చప్పట్లు కొట్టేది కోళ్లను తోలేకి కదప్పా, పాటకెందుకు?" అంది. అందరూ నవ్వారు. పెట్టెలున్నాయి కదా అని నేనూ వదిలేశాను.

ముప్పావుగంట పాడింది. మధ్యమధ్య దగ్గు వచ్చింది. ఆగి, నీళ్లు తాగి, విడిచిన మాట దగ్గరే అందుకుంది.

నవంబరు 20
రికార్డరులో టైమ్‌కోడ్ లేదు. పాటకు ముందు బ్యాటరీ మార్చాను. పెట్టె వైరు మళ్లీ తగిలించలేదు. "బ్యాటరీ కనపడె, వైరు కనపడల్యా నీకు?" అన్నాడు హులిగేశ్.

నవంబరు 22
పెదవులు చూసి మొదటి మాట కలిపాను. పది నిమిషాలకల్లా గొంతు ముందు, నోరు వెనక. రికార్డరు దాని వేగం దానిది. మళ్లీ తీద్దామని ఫోన్ చేస్తే యశోద ఎత్తింది. ఆపరేషన్ ముందుకు జరిపారట. నిన్ననే అడ్మిట్ అయ్యారట. విషయం చెప్పాను. "అమ్మ గొంతు ఇంగ యాడ తెస్తావన్నా?" అంది.

నవంబరు 23
ఆపరేషన్ అయింది.

డిసెంబరు 15
ఇన్నాళ్లూ మాటలతో కలపబోయాను. కలపాల్సింది దగ్గులతో. దగ్గినప్పుడు భుజం ఎగురుతుంది. శబ్దం సరిగ్గా ఆ ఫ్రేములోనే పడాలి. ఒక దగ్గు నుంచి ఇంకో దగ్గు దాకా శబ్దాన్ని కాస్త కాస్త సాగదీస్తూ పోయాను. చివరిదాకా కలిసింది.

జనవరి 12
తల్లీకూతుళ్లు స్టూడియోకు వచ్చారు. యంకమ్మ మెడకు తెల్లగుడ్డ. తెరలో తనను చూస్తూ పెదవులు కదిపింది.

యశోద దగ్గులు తీసేయమంది. "మగపెండ్లోళ్లంతా చూస్తారన్నా. ఏమనుకుంటారు?" అంది. ఇప్పుడు తీయడం కష్టమేమీ కాదు. ఒకచోట శబ్దం తీసి చూపించాను. నోరు తెరుచుకుంది, భుజం ఎగిరింది, చప్పుడు లేదు. యంకమ్మ ఇప్పుడు మాట్లాడబోయినా అంతే.

ఆమె అరచేత్తో బల్లమీద కొట్టింది. ఆ దగ్గు మళ్లీ పెట్టమని సైగ చేసింది. నేను పెట్టాను. యశోద కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆయ్తులేమ్మా, నీ పాట నీ ఇష్టం" అంది.

ఫిబ్రవరి 16
పెళ్లి అయింది. సాగనంపే వేళకు యంకమ్మ తెర పక్కన నిలబడి, మా వైపు చూసి, ఒక్కసారి చప్పట్లు కొట్టింది. హులిగేశ్ పాట వేశాడు. దగ్గు వచ్చినచోట ఎవరూ కదల్లేదు.

నాలుగున్నరకు యశోద హగరి వెళ్లిపోయింది.