ఆళ్వార్ కాదు, ఆల్వార్

ఆ నేలను పాడుచేసింది మీరే. ఈ కాగితం చదువుతున్న మీరే. కిందటి జూన్‌లో చెప్పులు విడిచి, ఆ బండ మీద మీవాళ్ల చితాభస్మం బూడిద పోసి, బంతిపూలు చల్లి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మీరు కాకపోతే మీ పక్కింటివాళ్లు. మొదలుపెట్టింది మాత్రం నేను. అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

మిస్సిసాగా నివాసిని, కీర్తిశేషుడు అనంత్ భార్యను, యాభై మూడేళ్ల మృదుల అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఎవరి సలహా వినే అలవాటు ముందునుంచీ లేనందున, పూర్తి స్పృహతో రాసుకున్న ఆఖరి వీలునామా ఇది. 2016లో రాసింది ఇక చెల్లదు. వచ్చే నెల నాకు ఆపరేషన్. భయం లేదు. ధైర్యమూ కాదు. ఏమీ అనిపించడం లేదంతే.

1. కాండో ఫ్లాటు, కారు, బ్యాంకులో ఉన్నదంతా మా అమ్మాయి చాందినికి. రెజైనా నుంచి వచ్చి తాళాలు తీసుకోవాలి. ఫ్రిజ్‌లో కింది అరలో ఉసిరికాయ పచ్చడి ఉంది, పాతదని పారేయొద్దు.

2. బైనాక్యులర్స్, రబ్బరు బూట్లు తేజశ్రీకి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆమెదే. పదకొండు వసంతాలు నాతో పాటు ఆ మైదానంలో పక్షులు లెక్కపెట్టింది. బైనాక్యులర్స్ కుడివైపు అద్దం దగ్గర మర వదులుగా ఉంటుంది, తను చాలాసార్లు తిట్టుకుంది. ఇక బాగుచేయించుకోవచ్చు.

3. నా నోట్‌బుక్కులు మైదానాన్ని చూసుకునే ట్రస్టుకు. వాటిలో, లెక్క కోసం మైదానాన్ని విడగొట్టిన చదరాల్లో ఏడో నంబరు దాని ఎదుట 2020 నుంచి ప్రతి ఏడూ "మార్పు లేదు" అని నా చేతిరాత ఉంటుంది. అది అబద్ధం.

ఎందుకు అబద్ధమో తెలియాలంటే ఆ చోటు తెలియాలి. టొరంటోకి ఉత్తరంగా రెండు గంటల డ్రైవ్. మన తాండూరు నాపరాళ్లలాంటి సున్నపురాయి పలకలు మైళ్ల కొద్దీ పరిచి ఉంటాయి. నలభై ఐదు కోట్ల ఏళ్ల కిందటి సముద్రం అడుగు అది. పైన మట్టి రెండు వేళ్ల మందం. ఏప్రిల్‌లో నీళ్లు నిలుస్తాయి, జూలైలో పెనంలా కాలుతుంది. పస్తులకు అలవాటుపడ్డ మొక్కలే అక్కడ బతుకుతాయి. ప్రెయిరీ స్మోక్ అనే మొక్క గులాబీ రంగు కుచ్చులు విప్పుతుంది. బాబొలింక్ పిట్ట గడ్డిలో, నేల మీదే గుడ్లు పెడుతుంది. ష్రైక్ అనే గుప్పెడంత పిట్ట పట్టిన మిడతను ముళ్లకంచెకు గుచ్చి దాచుకుంటుంది. ఇలాంటి నేలను ఆల్వార్ అంటారు. స్వీడన్ వాళ్ల మాట. విష్ణుభక్తులైన ఆళ్వార్లకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

4. అనంత్ అన్నగారు, ఏజాక్స్‌లో ఉండే మా బావగారు శ్రీరాములు గారికి అనంత్ నామం పెట్టుకునే తిరుచూర్ణం డబ్బా. బావగారూ, పారేశానని మీతో అన్నాను. పారేయలేదు, నా బట్టల కింద ఉంది. నా కులం చూసి మీరు తొమ్మిదేళ్లు మా ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. అది నేను క్షమించలేదు, ఈ డబ్బా ఇస్తున్నది అందుకు కాదు. నేను అడగాల్సిన క్షమాపణ వేరే ఉంది.

2019 మేలో అనంత్ పోయాక మీరు గోదావరి అన్నారు. నేను నది వద్దన్నాను, మంత్రం వద్దన్నాను. ఆచారాల మీద ఇరవై ఏళ్లు వ్యాసాలు రాసినదాన్ని, సొంతింట్లో ఓడిపోవడం ఇష్టం లేక మైదానం పేరు చెప్పాను. మీరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆళ్వారా అమ్మా? ఈ దేశంలో కూడా ఆ పేరుందా? అయితే గోదావరి ఎందుకు, అక్కడే కానిద్దాం," అన్నారు.

నేను సరిదిద్దలేదు. వాదన గెలిచాను, అంతే చూసుకున్నాను. బూడిద అక్కడ పోసి తిరిగొస్తూ కారులో చాందిని, "మామ్, యూ లెట్ హిమ్ బిలీవ్ ఇట్," అంది. రోడ్డు చూసుకోనివ్వమన్నాను.

మరుసటి ఏడు అక్కడ, ఆ ఏడో చదరంలో, గడ్డిపోచ మొలవలేదు, తెల్లటి మచ్చ. ఆ తర్వాత తిస్టిల్ అనే ముళ్ల కలుపు ఏపుగా లేచింది. ఎముకల బూడిద ఆ మట్టికి ముందు విషం, తర్వాత ఎరువు. ఆ రోజు మీరు కాకులకని పెట్టిన పిండాలకు రకూన్లనే జంతువులు వచ్చి, పక్కనున్న బాబొలింక్ గుడ్లు కూడా తినిపోయాయి. ఎవరో బార్బెక్యూ బూడిద పారబోశారని ట్రస్టు అమ్మాయి నాతోనే వాపోయింది. ఎవరో అయ్యుంటారన్నాను. ఈలోగా మీరు ప్రేమకొద్దీ, కెనడాలో ఆళ్వార్ క్షేత్రం ఉందని అందరికీ చెప్పారు. ఇప్పుడు మచ్చలు ఐదు. మీరు నమ్మారు. నేను తెలిసి ఊరుకున్నాను. ఇది ఇంకొకరి కథైతే, ఏది పెద్ద తప్పో వ్యాసం రాసేదాన్ని.

5. నన్ను అనంత్ పక్కన కలపాలని మీరంతా అనుకుంటారు. నాకూ అదే కావాలి. అయినా వద్దు. నా బూడిద మిస్సిసాగా శ్మశానంలో, నంబరు వేసిన మామూలు గూట్లో పెట్టండి.

సోమవారం ట్రస్టుకు నిజం చెప్పాను. మచ్చలున్న చోట పైమట్టి గీకి తీసేయడం తప్ప దారి లేదన్నారు. ఆ మట్టిలో అనంత్ ఉన్నాడు. బావగారూ, అందులోంచి ఒక గుప్పెడు మీరు గోదావరికి తీసుకెళ్లండి. ఈసారి నేను అడ్డురాను.

నా డిమాండ్లు:

గ్రూపు పేరులోంచి "ఆళ్వార్ క్షేత్రం" తీసేయండి. మ్యాప్‌లో పెట్టిన గుర్తు కూడా.

నాలుగో క్లాజు మన గుడి హాల్లో మైకులో చదవండి. బావగారు ఎదురుగా ఉండాలి.

మాతో కలిపి బూడిద పోసిన ఐదు కుటుంబాలూ మట్టి తీసేరోజు గ్లవ్స్ వేసుకుని రండి. పిల్లల్నీ తీసుకురండి.

జూలైలో, గింజ పట్టకముందే తిస్టిల్ పీకండి. ప్రతి జూలైలో.

పూలు, బియ్యం, నువ్వులు వద్దు.

ఇంకెవర్నీ అక్కడికి తీసుకెళ్లకండి. నన్ను కూడా.

తేదీ: 14 సెప్టెంబర్ 2025, మిస్సిసాగా
సంతకం: మృదుల
సాక్షులు: గోపీకృష్ణ, రేవంత్ (ఒకే అంతస్తులో ఉండే ఇరుగుపొరుగు, ఇద్దరికీ ఇందులో ఏమీ రాదు)