యాదగిరి గోడ మీద నా మేకు

జూన్ 14, మంగళవారం
రాయొద్దనే అనుకున్న. పెన్నుకు మూత పెట్టి పక్కకు పడేసిన. కడుపుల మంట తగ్గలే... మల్ల తీసిన.

కొత్తపేట కమ్యూనిటీ హాల్ల యాదగిరి ఫోటోల ఎగ్జిబిషన్. దిల్‌సుఖ్‌నగర్‌ల నాతో పాటే డార్క్‌రూంల చేతులు నల్లగ చేసుకున్నోడు. తర్వాత పోచంపల్లి చీరల స్టాలు పట్టుకొని, ఎర్రజెండా దిగిపోయిన దేశాలన్ని తిరిగొచ్చిండు. చీరలు అమ్మిండో లేదో... ఫోటోలు తీసిండు. బోర్లపడ్డ నాయకుడి విగ్రహం — దాని చెవి మీద కూసోని ఒక ముసలామె ఉల్లిగడ్డలు అమ్ముతున్నది. మూతబడ్డ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, గేటు మీద ఎవరిదో పెండ్లిగౌను ఆరేసి ఉన్నది. జనం పడిపడి నవ్వుతున్నరు. నేను గూడ నవ్విన. అదే బాధ.

“నువ్వు గూడ ఒకటి తేరా. ఆఖరి ఆదివారం నా పక్కన పెడ్త” అన్నడు. ఎంత దయ! ఖాళీ మేకు గూడ చూపించిండు.

జూన్ 15
నా స్టూడియోల పాత పెండ్లి ఆల్బంలు తిరగేసిన. ఒక్కరన్న నవ్వలే. నేనే నవ్వనియ్యలే.

నా పెండ్లాం సుశీల — “గాయన దేశాలు తిరిగిండు, నువ్వు స్టూలు చుట్టు తిరిగినవ్. గంతే ఫరక్.”

జూన్ 19, ఆదివారం
ఎల్‌బీ నగర్ చౌరస్తాల వంటా వార్పు. విజయవాడ రోడ్డు మీదనే పొయ్యిలు. తెలంగాణ ఇచ్చేదాక ఈడనే వండుతం, ఈడనే తింటం అంటున్నరు. లారీలు ఆగినయ్. ఒకదిక్కు పప్పు ఉడుకుతున్నది, ఒకదిక్కు కబడ్డీ. నా ఫోటో ఇదే! యాదగిరి మేకు ఇగ నాదే...

కెమెరా ఎత్తంగనే నోరు ఊకోలే. “పొడుగోళ్లు వెనక! పొట్టోళ్లు ముంగట కూసోండ్రి! ఓ తమ్మీ, గుండీ పెట్టుకో!” కబడ్డీ కూతకు పోయినోడు కూత ఆపి జుట్టు దువ్వుకుండు. ఎస్సై గూడ టోపీ సర్దుకొని వెనక వరుసల నిలబడ్డడు, లాఠీ వీపు వెనక దాసి. పప్పు కాడి అక్క ఒక్కతే రాలే — “జల్ది తియ్యి తాతా, అడుగంటుతున్నది!”

ఈడ ఒక మాట. ఫోటోగ్రఫీ నాకు ఎవ్వరు నేర్పలే. డిక్షనరీ పక్కన పెట్టుకొని ఒక ఇంగ్లీషు పుస్తకం చదివిన. మొదటి పాఠం — మనిషి కదిలితే ఫోటో చెడిపోతది. రెండో పాఠం దాక పోలే.

జూన్ 21
ప్రింటు చూసిన. ఉద్యమం కాదు, పదో తరగతి గ్రూప్ ఫోటో. అయినా తీస్కపోయి ఇచ్చిన. యాదగిరి దగ్గొచ్చేదాక నవ్విండు. ఎందుకని అడగలే.

జూన్ 26, ఆదివారం
మేకుకు నా ఫోటో వేలాడుతున్నది. పక్కన యాదగిరిది కొత్తది. అదే చౌరస్తా, అదే రోజు — ఆగిన లారీ ఎక్కి తీసిండట. నేను వాణ్ణి చూడనే లేదు. వరుసలల్ల జనం. వెనక లాఠీ దాసుకున్న ఎస్సై. పొయ్యి మీద పొంగుతున్న పప్పు. ముంగట ఒక ముసలోడు — చెయ్యెత్తి, నోరు తెరిచి, లోకాన్నంత వరుసల కూసోబెట్టేటట్టున్నడు.

టిఫిన్ సెంటర్ సుబ్బారావు గారు — “ఇది మీరేనాండీ? ఎంత బాగా వచ్చారండీ!”

హాల్ల ఉన్నవాటిల అదే మంచి ఫోటో. నేను లేకుంటె అది లేదు. తీసింది మాత్రం వాడు.

“కోపమొచ్చిందారా?” అన్నడు యాదగిరి.

జనం పోయినంక చూస్తె, వాడి ఫ్రేము జర ఎడమకు వంగి ఉన్నది. సరిజేసిన. బస్సెక్కి ఇంటికొచ్చిన.