చూశానని రాసిన కాగితం

ఏప్రిల్ 9, 1839

రాయమన్నారు. మోర్మన్లమని మమ్మల్ని నది ఇవతలికి తరిమేసిన మిస్సోరీలో ఎవరేం పోగొట్టుకున్నారో మా సంఘం వాళ్ళందరూ కాగితం మీద పెట్టాలట. మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేస్తే అవన్నీ కట్టగట్టి వాషింగ్టన్‌కి పంపిస్తారట. పక్క గుడిసె సిస్టర్ పాల్మర్ రెండు పేజీలు నింపింది. ఆవులు, మంచాలు, రాట్నం, తేనె పెట్టెలు. నేను రాయాల్సింది ఒక్కటే. దానికే చెయ్యి ఆడటం లేదు. అందుకని ముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

మా ఓరిన్‌ని చంపేశారు. పదిహేడేళ్ళవాడు. అక్టోబర్ ఆఖర్లో, పట్టపగలు, మా మొక్కజొన్న గాదె ముందు.

గుర్రాల మీద ముప్ఫై మంది వచ్చారు. అమ్మా, వాగులోకి దూకు అని వాడే నన్ను తోశాడు. గట్టు కింద వేళ్ళ సందులో నడుంలోతు నీళ్ళలో నిలబడ్డాను. నెత్తిన తడి దుప్పటి. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. వాణ్ణి ఈడ్చుకొచ్చిన చప్పుడు వినబడింది. మీ ప్రవక్తకి దొరికిన బంగారు రేకులు చూశామన్న ఆ పదకొండు మందీ అబద్ధాలకోరులని చెప్పరా, వదిలేస్తాం అన్నాడొకడు. అంటూ అంటూ దగ్గాడు. కుక్క మొరిగినట్టు పొడి దగ్గు. తర్వాత తుపాకీ.

పైకొచ్చేసరికి వాడి ముఖం సగం లేదు. చొక్కా నేను కుట్టిందే. గుండీలు చూసి పోల్చుకున్నాను.

ఏప్రిల్ 10

నిన్నటిది చదివాను. చించేద్దామనుకున్నాను. చించలేదు.

ఏప్రిల్ 14, ఆదివారం

సాక్ష్యాల కూటం. మా కూటంలో లేచి నిలబడ్డవాళ్ళు అనుకుంటున్నాను అని గాని, నమ్ముతున్నాను అని గాని అనరు. నాకు తెలుసు అంటారు. మా గ్రంథం చెక్కి ఉన్న ఆ రేకులు ఎప్పుడూ చూడనివాళ్ళూ అలాగే అంటారు. పాలపళ్ళు ఊడని పిల్లలూ అలాగే అంటారు. చిన్నప్పటి నుంచీ అలవాటైన మాట, నోట్లోంచి దానంతటదే వస్తుంది.

నేనూ లేచాను. నా కొడుకు ఆ సాక్షుల మాట నిలబెట్టడానికే ప్రాణమిచ్చాడని నాకు తెలుసు అన్నాను. ఆడవాళ్ళందరూ ఏడ్చారు. నాకు కొంచెం తేలికైంది.

ఏప్రిల్ 15

ఉతికిన బట్టలు ఇవ్వడానికి ప్రూయిట్ కొట్టుకి వెళ్ళాను. మా మరిది ఆసహేల్ మూట మోశాడు. ప్రూయిట్ చెడ్డవాడు కాదు, చలికాలంలో మాకు పిండి ఇచ్చాడు. కాని మమ్మల్ని చూస్తే వాడి నోరు ఊరుకోదు.

ఏమ్మా లాత్రప్, మీ పదకొండు మంది సాక్షుల పేర్లూ చదివాను అన్నాడు. సగానికి సగం ఒకే ఇంటి అన్నదమ్ములూ అల్లుళ్ళూనట, ముగ్గురు మీ ప్రవక్తగారి సొంత ఇంటివాళ్ళట. సాక్షులా, పెళ్ళికొచ్చిన చుట్టాలా అన్నాడు. కొట్లో ఉన్నవాళ్ళందరూ పకపకా నవ్వారు. పైగా బతికున్నవాళ్ళలో చాలామందిని మీరే గెంటేశారటగా అన్నాడు.

ఆసహేల్ మూట దించి, అవును, గెంటేశాం అన్నాడు. తిట్టుకున్నాం, విడిపోయాం, ఇప్పుడు వాళ్ళు మా ముఖం చూడరు. అయినా చూశామన్న మాట ఒక్కడు కూడా వెనక్కి తీసుకోలేదు. మేమంటే పడనివాడే మా తరఫున మాట్లాడుతుంటే ఇంకెవడి సాక్ష్యం కావాలయ్యా నీకు అన్నాడు.

ప్రూయిట్ వదిలితేనా. మాట మార్చకపోతే నిజమైపోతుందా, మా మామ చచ్చేదాకా దెయ్యాన్ని చూశాననే అన్నాడు, చచ్చేదాకా తాగాడు కూడా అన్నాడు. ఇంతకీ కంటితో చూశారా, మనసుతో చూశారా, అది తేల్చవయ్యా ముందు అన్నాడు.

ఆసహేల్ వాడి గొంతు పట్టుకున్నాడు. నాలుగు చేతులు కలిస్తే గాని విడిపించలేకపోయాం. ప్రూయిట్ ముఖం నీలంగా అయిపోయింది. ఇంటికొస్తూ ఆసహేల్ అన్నాడు, వదినా, సాక్షి అంటే పాతిన గుంజ, ఎవడొచ్చి ఊపినా కదలకూడదు అని.

ఏప్రిల్ 22

రేవులో బట్టలు జాడిస్తున్నాను. వెనక పడవలోంచి పందులు దించుతున్నారు. దగ్గు వినబడింది.

అదే దగ్గు. చేతిలో ఉన్న దుప్పటి నదిలో కొట్టుకుపోయింది.

పొట్టి మనిషి, ఎర్ర గడ్డం. పందిని చెవి పట్టుకుని ఈడుస్తూ నవ్వుతున్నాడు. పేరు జూబల్ క్రాడక్ అని రేవులో చెప్పారు. నదికి అవతల మిస్సోరీ గట్టు మీదివాడు. నేను వెళ్ళి ఆసహేల్‌కి చెప్పాను. వాడు నన్ను చెయ్యి పట్టుకుని మేజిస్ట్రేటు బిడ్‌వెల్ దగ్గరికి లాక్కెళ్ళాడు.

బిడ్‌వెల్ ముసలాయన. కలం సిరాలో ముంచి, అమ్మా, దగ్గు విని ఎవణ్ణీ ఉరితీయరు, కాల్చింది వీడేనని చూశావా అని అడిగాడు. నాకు తెలుసండి అన్నాను. తెలుసో లేదో అడగలేదమ్మా, చూశావా అన్నాడు. ఆసహేల్ ఊపిరి నా మెడ మీద తగులుతోంది. చూశాను అన్నాను.

కూటంలో వచ్చినట్టే వచ్చేసింది నోట్లోంచి. ఆయన రాసుకున్నాడు. నేను సంతకం చేశాను.

ఏప్రిల్ 23

నదికి అవతల జరిగిన హత్యకి ఇవతల మనిషిని పట్టుకునే అధికారం తనకి లేదన్నాడు బిడ్‌వెల్. కాగితం వాషింగ్టన్‌కి పోతుందట. క్రాడక్ ఇంటికి పోతాడట. ఆసహేల్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

ఏప్రిల్ 24

క్రాడక్ ఇంటికి పోలేదు.

ఏప్రిల్ 26

ఊరి బయట పాడుబడ్డ సున్నం బట్టీలో పెట్టారు వాణ్ణి. ఆసహేల్, ఇంకో ముగ్గురు బ్రదర్స్. ఒప్పుకునేదాకా కొడతాం, ఒప్పుకున్నాక ఉరేస్తాం అన్నారు. నన్ను తీసుకెళ్ళారు.

ఇక్కడ దాచను. లోపలికి వెళ్ళగానే నేను కొట్టాను. బట్టలుతికే కర్ర పట్టుకెళ్ళాను. నోటి మీద కొట్టాను. పళ్ళు విరిగిన చప్పుడు కర్రలోంచి నా మోచేతి దాకా వచ్చింది. మళ్ళీ కొట్టాను. హాయిగా ఉంది. ఆసహేలే ఆపాడు, మాట్లాడనీ వదినా అని.

వాడు నెత్తురు ఉమ్మి మాట్లాడాడు. మీ వాణ్ణి అడిగింది నేనే, కాల్చింది నేను కాదు, నేను గుర్రాలు పట్టుకున్నాను అన్నాడు. కాల్చినవాడు టెక్సాస్ పోయాడు అన్నాడు. మా వాళ్ళు నవ్వారు. అందరూ టెక్సాసే పోతార్రా అన్నాడొకడు.

అప్పుడు వాడు నా వైపు తిరిగాడు. అమ్మా, మీ వాడు ఏమన్నాడో తెలుసా అన్నాడు. నేను రేకులు చూడలేదు, వాళ్ళు అబద్ధమాడారని నేనెలా చెప్పను, చూశామన్నవాళ్ళనే అడగండి అన్నాడట. కుర్రాడికి తెలివుందిరా అని వాళ్ళు వదిలేయబోయారట. పోతూ పోతూ, మీ అమ్మేదిరా అన్నాడట ఒకడు. మా అమ్మ పోయినేడు జ్వరంతో చచ్చిపోయింది అన్నాడట మా వాడు. వాళ్ళలో ఒకడికి అనుమానమొచ్చి వాగు వైపు నడిచాడట. ఓరిన్ వాడి కాళ్ళకి చుట్టుకుపోయాడట. విదిలించినా వదల్లేదట. అప్పుడు కాల్చాడట.

ఆసహేల్ వాణ్ణి కడుపులో తన్నాడు. ప్రాణం మీదికొస్తే ఎవడైనా కథలు చెప్తాడు అన్నాడు.

కథ కాదు. మా అమ్మ జ్వరంతో చచ్చిపోయింది అని ఓరిన్ అనడం నేను విన్నాను. నీళ్ళలోకి దిగాక నాకు వినబడిన వాడి మాట అదొక్కటే. ఎవరికీ చెప్పలేదు. ఈ పుస్తకంలో కూడా రాయలేదు. నేను బతికి ఉండగా వాడు నన్ను చంపుకున్నాడు, ఆ మాట రాయలేకపోయాను.

ఏప్రిల్ 27

క్రాడక్ అక్కడ ఉన్నాడు. అది నిజం. కాల్చాడో లేదో నాకు తెలియదు. మొదటిసారి ఈ మాట రాస్తున్నాను. నాకు తెలియదు.

ఆసహేల్‌కి చెప్పాను. నేను చూడలేదయ్యా, కళ్ళు మూసుకున్నాను అన్నాను. వదినా, నువ్వు అలసిపోయావు అన్నాడు. ఆ పదకొండు మందినీ ఊరూరా తిట్టారు, ఒక్కడు మాట మార్చాడా అన్నాడు. నువ్వు మారిస్తే ప్రూయిట్ కొట్లో రేపు ఏమంటారు, మోర్మన్ల సాక్ష్యమంటే ఇంతే అంటారు, ఓరిన్ ఊరికే చచ్చినట్టవుతుంది అన్నాడు.

ఓరిన్ నా కోసం చచ్చాడు. రేకుల కోసం కాదు. అది వాడికి ఎలా చెప్పను?

ఏప్రిల్ 28, ఆదివారం

కూటంలో లేవలేదు. బిడ్‌వెల్ ఊళ్ళో లేడు, రేపు వస్తాడట. రేపు అనుకున్నాను. బట్టీ దగ్గరికి నేనే పోయి తలుపుకి అడ్డం కూర్చుని ఉండాల్సింది. ఇంటికొచ్చి జావ కాచుకున్నాను.

ఏప్రిల్ 29

పొద్దున్నే బిడ్‌వెల్ దగ్గరికి పోతున్నాను. ఆ కాగితం వెనక్కి తీసుకుంటాను. ఆయన్ని వెంటబెట్టుకుని బట్టీకి పోతాను.

ఏప్రిల్ 30

కెజాయా లాత్రప్ అనే నేను ప్రమాణం చేసి చెప్పేది. ఈ నెల 22న చూశానని చెప్పింది నేను చూడలేదు.

నిన్న పొద్దున పది గంటలకి సున్నం బట్టీ తలుపు నేనే తోశాను. వెలుతురు బాగా ఉంది. వాళ్ళకీ నాకూ మధ్య ఆరడుగులు. జూబల్ క్రాడక్ మోకాళ్ళ మీద ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. నా మరిది ఆసహేల్ గొడ్డలి వెనక వైపుతో వాడి తల మీద మూడు దెబ్బలు వేసి చంపాడు. మొదటి దెబ్బకే నేను కేక పెట్టాను. ఆసహేల్ తలెత్తి నన్ను చూశాడు. చూసి, రెండోది కొట్టాడు.

మేజిస్ట్రేటు గారు నా వెనక గుర్రం దిగుతున్నారు. ఆయన చూడలేదు. నేను చూశాను.

మా ఓరిన్‌కి గొయ్యి తవ్వింది కూడా ఈ ఆసహేలే. రాళ్ళ నేలలో, గోళ్ళు ఊడేలా తవ్వాడు. అదీ నేను చూశాను. అది కూడా రాసుకోండి.